పెద్దమ్మ వేలి మీద వారం

పెద్దమ్మ కుడిచేతి ఉంగరపు వేలంటే ఆ ఇంట్లో అందరికీ హడలు. అది ఎవరినీ బెదిరించే వేలు కాదు. కానీ ఆ ఇంట్లో రాళ్ళు పొదగడం నేర్చుకునేవాళ్ళు ఎవరైనా సరే, తాము పొదిగిన ఉంగరాన్ని ముందుగా ఆ వేలికి తొడగాలి. తొడిగాక పెద్దమ్మ దాన్ని వారం దాకా తియ్యదు. ఆ ఉంగరంతోనే పిండి పిసుకుతుంది, మాడిన గిన్నెలు తోముతుంది, బట్టలు పిండుతుంది, మరచెంబు మూత బిగుసుకుంటే గూట్లోంచి తెచ్చి మరీ తిప్పుతుంది. వారం తిరిగేసరికి రాయి ఉంగరంలోనే ఉంటే పని వచ్చినట్టు. రాలిందా, మళ్ళీ మొదటికొచ్చి రాగిరేకులు కోసుకోవాలి. ఎందుకు రాలింది, ఎలా రాలింది అనే విచారణ ఏమీ ఉండదు. కొనుక్కునేవాళ్ళు ఉంగరం కొనుక్కుంటారు గానీ మన సంజాయిషీలు కొనుక్కోరు కదా అంటుంది పెద్దమ్మ.

ఆ వేలికి రెండోసారి ఉంగరం తొడగబోతున్నది పిట్ట. పిట్ట పెద్దమ్మకి చెల్లెలి కూతురు. బడి చదువు అయిపోగానే పని నేర్చుకుంటానని వచ్చింది. అసలు పేరు బడి హాజరు పట్టీలోనే ఉండిపోయింది. ఆ పిల్ల మాట్లాడితే పక్కింటి గోడ మీద ఏదో పిట్ట కూసినట్టు వినిపిస్తుంది, అదీ చెవి ఒగ్గి వింటే. పెద్దమ్మ కూతురు, అంటే పిట్టకి అక్క, ఆమె పెట్టిన పేరే అది. అన్నం దగ్గర పిట్ట ఉప్పు అడిగితే అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఫోను పెట్టెయ్యకే, సిగ్నల్ వస్తోంది," అనేది.

ఆ ఇంటి ముందు గది కొట్టు. పెదనాన్న అక్కడ కూర్చుని వచ్చినవాళ్ళతో లోకాభిరామాయణం మాట్లాడుతూ మధ్యలో నగలు కూడా అమ్ముతాడు. వెనక వంటిల్లు. మధ్యలో పని గది. అందులో మూడు బల్లలు. ప్రతి బల్ల కిందా ఒక తోలు ముక్క ఒడిలా వేలాడుతుంటుంది, కిందపడిన పొడి, రాళ్ళు అందులో పడేలా. తలుపు పక్క బల్ల కొత్తగా నేర్చుకునేవాళ్ళది. రేకులు కోయడం, ఆకురాయి పట్టి అంచులు నున్నగా చెయ్యడం, ఇవన్నీ అక్కడే. నడి బల్ల అక్కది. అతకడం, మెరుగు పెట్టడం ఆమె పని. కిటికీ బల్ల పెద్దమ్మది. కెంపులు, పచ్చలు, నీలాలు కాగితపు మడతల్లో ఉండేది ఆ బల్ల మీదే. వెలుతురు కూడా ముందు ఆ బల్లని పలకరించి ఆ తర్వాతే మిగతావాళ్ళ దగ్గరకి వచ్చినట్టుండేది.

పిట్ట కళ్ళన్నీ ఆ కిటికీ బల్ల మీదే. కానీ మొదటి ఉంగరం ఆమె పరువు తీసేసింది. అందులో పొదిగిన ఎర్ర గాజు రాయి రెండో రోజే రొట్టెల పిండిలో కలిసిపోయింది. ఆ సంగతి పెదనాన్న తప్ప ఎవరూ గమనించలేదు, ఆయన గమనించింది కూడా పంటితో. దవడ పట్టుకుని ఆయన రాయిని అరచేతిలోకి ఊసి, ఇంట్లో ఇంతకాలానికి నాకు ఎర్ర రాయి పెట్టారు అన్నాడు. అందరూ నవ్వారు, పిట్ట తప్ప. పెద్దమ్మ ఉంగరాన్ని భూతద్దం కింద పెట్టి పిట్టని పిలిచి చూపించింది. రాయి చుట్టూ నిలబడి దాన్ని పట్టుకునే సన్నని వెండి కాళ్ళని ఆ పనివాళ్ళు గోళ్ళు అంటారు. ఆ నాలుగు గోళ్ళలో మూడు రాయిని పట్టుకున్నాయి. నాలుగోది పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా ఊరికే పక్కన నిలబడింది.

ఈసారి ఇంకో చిక్కు కూడా ఉంది. పిట్ట వాళ్ళమ్మ గడువు పెట్టింది. ఎండాకాలం అయ్యేలోగా పిల్ల కిటికీ బల్ల దగ్గరకి చేరకపోతే ఇంటికి పంపించెయ్యమని ఫోన్లో చెప్పింది. బాబాయి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడట, కౌంటర్లో కూర్చోడానికి నమ్మకమైన మనిషి కావాలట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడటమే ఉద్యోగం. పిల్లకి కాస్త నోరు కూడా వస్తుంది అంది అమ్మ. ఆ మాట విన్న రోజు పిట్టకి అన్నం సయించలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వరసగా వచ్చి ఏ ఫోను మంచిది అని అడుగుతుంటే తను నీళ్ళు నములుతూ నిలబడ్డట్టు కళ్ళకి కట్టింది.

అందుకే ఈ రెండో ఉంగరం మీద పిట్ట ప్రాణాలన్నీ పెట్టుకుంది. ముందు పనికిరాని రాగి ముక్కల మీద గాజు రాళ్ళు పొదిగి, పీకి, మళ్ళీ పొదిగింది. గోళ్ళ లోపలి వైపున రాయి నడుము ఆనేలా చిన్న గంటు పెట్టాలి. దాన్ని గూడు అంటారు. నాలుగు గోళ్ళలోనూ గూళ్ళు ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే రాయి ఒక పక్కకి ఒరుగుతుంది. గోళ్ళు వంచేటప్పుడు పక్కపక్కవి కాదు, ఎదురెదురువి వంచాలి, అదీ ఒక్కసారిగా కాదు, ఇటు కాస్త, అటు కాస్త. పిట్ట మొదట్లో భయం కొద్దీ గట్టిగా నొక్కేసేది, రాళ్ళు పటుక్కున పగిలేవి. పెద్దమ్మ తన బల్ల దగ్గర నుంచి తల తిప్పకుండానే ఆ చప్పుడు విని, "రాయిని పట్టుకోవాలే, పీక నొక్కకూడదు," అనేది.

అసలు ఉంగరం మొదలుపెట్టిన రోజు పిట్ట అందరికంటే ముందే లేచింది. పెద్దమ్మ అప్పుడే పెరట్లో చన్నీళ్ళతో మొహం కడుక్కుని, చేతులు తుడుచుకుంటూ లోపలికి వస్తోంది. పిట్ట కొలత ఉంగరాల గుత్తి పట్టుకుని ఎదురెళ్ళి, ఆమె వేలికి ఒక్కొక్కటే తొడిగి చూసి, సరిగ్గా పట్టినదాన్ని గుర్తు పెట్టుకుంది. ఆ కొలతకే వెండి తీగ వంచి, అతుకు వేయించుకుని, నున్నగా రాచి, గూళ్ళు తీసింది. మైనం అంటించిన పుల్లతో ఎర్ర గాజు రాయిని ఎత్తి గూళ్ళలోకి దింపింది. రాయి నెమ్మదిగా సర్దుకుని కూర్చుంది. కుర్చీలో కూర్చున్న మనిషి ఇక లేవను అన్నట్టు కూర్చుంది. గోళ్ళు వంచి, కొసలు గుండ్రంగా చేసి, ఆఖర్న దూది పరీక్ష పెట్టింది. గోళ్ళ మీదుగా చిన్న దూది పింజ లాగాలి. ఒక్క పోగు చిక్కుకున్నా ఆ గోరు రాయిని సరిగ్గా హత్తుకోలేదని అర్థం. దూది జారుకుంటూ వచ్చేసింది. పిట్టకి నమ్మకం కుదరక మళ్ళీ లాగింది. అక్క వెనక నుంచి వచ్చి, ఇంకొంచెం లాగితే దుప్పటి నేసేయొచ్చు అని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్న ఉంగరం పెద్దమ్మ వేలికెక్కింది. కణుపు దగ్గర కాస్త ఆగి, పెద్దమ్మ తిప్పి తోస్తే దిగింది. ఆమె వేలిని ఒకసారి చూసుకుని, ఏమీ అనకుండా, పిండి డబ్బా దింపింది.

ఇక అక్కడ నుంచి పిట్ట కాలుగాలిన పిల్లిలా ఆ వేలి వెనకాలే తిరిగింది. పెద్దమ్మకి ఆ వారం ఎక్కడలేని పనులూ గుర్తొచ్చాయి. అటక మీద ఇత్తడి సామానంతా దింపించి తోమింది. పాత స్వెటర్ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది, ఊలు ఉంగరం గోళ్ళకి తగులుకుంటుందేమో చూద్దామని. తలుపు గడియ వేసేటప్పుడు అరచేత్తో కాదు, ఉంగరంతో కొట్టేది. అది చప్పుడైనప్పుడల్లా తలుపు పక్క బల్ల దగ్గర పిట్ట భుజాలు ఎగిరిపడేవి. పెదనాన్న మాత్రం రొట్టె తినేముందు ముక్కలుగా తుంచి, ఒక్కో ముక్కా వెలుతురుకి ఎత్తి చూసుకుని మరీ తినేవాడు. ఈ ఇంట్లో భోజనం అంటే గనుల తవ్వకం అయిపోయింది అని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

రోజులు గడిచినా రాయి కదల్లేదు. శుక్రవారం సాయంత్రానికి అక్క కూడా ఎగతాళి మానేసి, ఈసారి గట్టెక్కుతావేమోనే అంది. పిట్ట ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

శనివారం పెద్దమ్మ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ నానబోసింది. మలమల మాడే ఎండలో పెరట్లో కూర్చుని, వేణ్ణీళ్ళలో ముంచి, బండ మీద బాది, ఒక కొస అక్కకిచ్చి రెండో కొస తను పట్టుకుని పిండింది. తడిసిన దుప్పటి పిండటమంటే మాటలు కాదు. దుప్పట్లన్నీ తీగ మీదకి చేరేసరికి మధ్యాహ్నమైంది. చెయ్యి తుడుచుకుంటూ పని గదిలోకి వచ్చిన పెద్దమ్మ ఎందుకో వేలు విదిలించింది. మళ్ళీ విదిలించింది. పిట్ట తలెత్తి చూసింది. రాయి పోయిందనుకుంది. రాయి పోలేదు. వేలే పాడైంది. లేత వంకాయలా ఉబ్బి, రంగు కూడా అటే మళ్ళుతోంది.

ఇంటిల్లిపాదీ పోగయ్యారు. సబ్బు రాశారు. నూనె రాశారు. వేలి చుట్టూ దారం బిగుతుగా చుట్టి కింద నుంచి విప్పుతూ ఉంగరాన్ని పైకి నడిపించాలని చూశారు. అది కణుపు దాకా వచ్చి మొండికేసింది. చెయ్యి పైకెత్తి ఉంచితే వాపు దిగుతుందని పెదనాన్న అన్నాడు. పెద్దమ్మ క్లాసులో జవాబు తెలిసిన పిల్లలా చెయ్యెత్తుకుని పని గదిలో అటూ ఇటూ తిరిగింది. వాపు దిగలేదు సరికదా, ఉంగరం అంచు చర్మంలోకి దిగబడి కనిపించడం మానేసింది.

ఇక కొయ్యాల్సిందే అంది అక్క.

పెదనాన్న మొహం పాలిపోయింది. తన పెళ్ళాం వేలి మీద రంపం పెట్టడం తన వల్ల కాదని చేతులెత్తేసి, అప్పటికే చెయ్యెత్తి ఉన్న పెద్దమ్మ పక్కన నిలబడ్డాడు. వాళ్ళిద్దరినీ అలా చూసి అక్కకి నవ్వు పట్టుకుంది. తప్పని తెలుసు, అమ్మకి నొప్పిగా ఉందని తెలుసు, అయినా ఆగలేదు. రంపం పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. పెద్దమ్మ కుడిచేతి వాటం మనిషి. ఎడమచేత్తో తన కుడివేలి మీద కోసుకోవడం కుదరదు. అందరూ ఒకేసారి పిట్ట వైపు చూశారు.

పిట్ట పెద్దమ్మ చేతిని తలుపు పక్క బల్ల అంచున వెల్లకిలా పెట్టింది. సన్నని రేకు ముక్క సబ్బులో ముంచి, ఉంగరానికీ చర్మానికీ మధ్య దూర్చింది, రంపం పొరపాటున దిగినా రేకుకే తగిలేలా. పెద్దమ్మ పళ్ళు బిగించుకునే ఆజ్ఞలు మొదలుపెట్టింది. ఇప్పుడు ఒకచోట కోసి, రెండు కొసలూ పటకార్లతో పట్టుకుని వెడల్పు చేస్తే ఉంగరం మెలి తిరుగుతుంది. పైనున్న గోళ్ళు విచ్చుకుంటాయి. రాయి ఎగిరిపోతుంది. వారం పూర్తి కాకుండా రాయి రాలితే లెక్క లెక్కే, తన వేలు తెగినా మాట మారదు. అందుకని రెండు చోట్ల కోసి మధ్య ముక్క తీసేస్తే, ఉంగరం వంగకుండానే జారిపోతుంది. కాస్త ఆలస్యం, అంతే.

పిట్ట వేలి కొస వైపు చూసింది. చర్మం కింద నెత్తురు నల్లబడుతోంది. రెండో కోత అంటే ఇంకా ఎంతసేపు పడుతుందో రాగిరేకులు కోసీ కోసీ ఆమె చేతులకి బాగా తెలుసు. బాబాయి కొట్టు, ఆ కౌంటరు, వచ్చేపోయే జనం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"ఒక్కటే కోత పెద్దమ్మా," అంది పిట్ట. "రాయి పోతే పోనీ."

గదిలో అందరికీ వినిపించింది. అక్క నవ్వు ఆగిపోయింది.

"నీకు తెలుస్తోందా నువ్వేం అంటున్నావో?" అంది పెద్దమ్మ.

"తెలుస్తోంది. చెయ్యి కదపకు."

పెద్దమ్మని చెయ్యి కదపకు అన్నవాళ్ళు ఆ ఇంట్లో అంతకుముందు లేరు. ఆమె కదపలేదు.

రంపపు పళ్ళు వెండి మీద గీసుకుంటూ చప్పుడు చేశాయి. పిట్ట ఆకు మీద చీమ నడిచినంత నెమ్మదిగా లాగింది, నొక్కకుండా, రంపం బరువే రంపాన్ని దింపుకునేలా. నెలల తరబడి తిట్టుకుంటూ చేసిన రేకుల పని చేతుల్లోంచి దానంతటదే వస్తోంది. కాసేపటికి చప్పుడు మారింది. రంపం వెండి దాటి రేకుని తాకింది. పిట్ట రంపం పక్కన పెట్టి, రెండు పటకార్లు తీసుకుని, కోసిన కొసలు రెండూ పట్టుకుంది. కళ్ళు మూసుకుని విడదీసింది.

పెద్దమ్మ వదిలిన ఊపిరికి బల్ల మీద వెండి పొడి లేచిపోయింది. పిట్ట కళ్ళు మూసుకునే చెవులు రిక్కించింది. నేల మీద రాయి పడిన చప్పుడు రాలేదు. తోలు మీద పడిన చప్పుడూ రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే, ఉంగరం ఆవలించిన నోరులా వంకర తిరిగి పటకార్ల మధ్య వేలాడుతోంది. దాని నెత్తిన ఎర్ర రాయి ఉంది.

పెద్దమ్మ వాచిన వేలిని చన్నీళ్ళ గిన్నెలో పెట్టుకుని, రెండో చేత్తో భూతద్దం అడిగింది. చాలాసేపు చూసింది. దూది అడిగింది. పింజ ఒక గోటి దగ్గర కాస్త తట్టుకుంది. రాయిని వేలిగోటితో నెట్టి చూసింది. కదల్లేదు. గోళ్ళు చోటు మారాయి గానీ పట్టు వదల్లేదు అంది తనలో తను అనుకుంటున్నట్టు.

"గెలిచినట్టేగా మరి," అన్నాడు పెదనాన్న, ఎత్తిన చేతులు ఇంకా దించకుండా.

పెద్దమ్మ పిట్ట వైపు తిరిగి, వేలి కొలత ఎప్పుడు తీసుకున్నావు అని అడిగింది. పిట్ట పొద్దున్నే అంది. చన్నీళ్ళతో కడుక్కున్న వేలా అంది పెద్దమ్మ. పిట్ట తల ఊపింది. తల ఊపుతుండగానే విషయం బోధపడి, మొహం కందగడ్డ అయిపోయింది. చల్లగా ఉన్నప్పుడు వేళ్ళు సన్నబడతాయి. పనిలో పడి, ఎండ తగిలి, సాయంత్రమయ్యేసరికి లావెక్కుతాయి. రోజంతా పెట్టుకోవాల్సిన ఉంగరానికి పొద్దున్న కొలత పనికిరాదు. ఈ ముక్క ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే పిట్టకి చెప్పారు. కానీ ఆమె ధ్యాసంతా రాయి మీదే ఉండిపోయింది. రాయికి గూడు కట్టింది, గోళ్ళు కట్టింది, వేలికి మాత్రం చోటు ఉంచలేదు.

పెద్దమ్మ తిట్లు ఏకరువు పెట్టింది. రాయిని చూసుకునే మనిషి ఉంగరాన్ని చూసుకోదా, ఉంగరాన్ని చూసుకునే మనిషి పెట్టుకునేవాళ్ళని చూసుకోదా, బయటి మనిషి వేలై ఉంటే ఏమయ్యేది అని. పిట్ట తల దించుకుని వింది. తిట్లలో ఒక్కటీ అబద్ధం లేదు. అంతా అయ్యాక పెద్దమ్మ కాస్త గొంతు తగ్గించి, నీళ్ళ గిన్నె వైపు చూస్తూ, "తొడిగినప్పుడే బిగుతని నాకూ తెలిసింది," అంది. "నా వేలు లావెక్కిందని ఒప్పుకోవడం ఇష్టం లేక ఊరుకున్నా."

పెదనాన్న ఏదో అనబోయి, ఆమె చూపు చూసి, కొట్లో ఎవరో వచ్చినట్టున్నారన్నాడు. ఎవరూ రాలేదు. ఆయన వెళ్ళనూ లేదు.

ఉంగరాన్ని మళ్ళీ అతకాలి. అతకాలంటే మంట తగలాలి, మంట తగిలితే గాజు రాయి చిట్లిపోతుంది. కాబట్టి ముందు రాయి తీసెయ్యమంది పెద్దమ్మ. పిట్ట తన బల్ల దగ్గర కూర్చుని సన్నని ఉలి కొసతో గోరు ఎత్తబోయింది. అది లేవలేదు. ఇంకో వైపు నుంచి ప్రయత్నించింది. జారిపోయింది. ఉంగరాన్ని తిప్పి, చెక్క పట్టులో బిగించి మళ్ళీ మొదలుపెట్టింది. చెమట పట్టింది. తను పొదిగిన రాయి తన మాటే వినడం లేదు. పెద్దమ్మ గిన్నెలో వేలు ముంచుకునే వచ్చి వెనక నిలబడింది. అక్క వచ్చింది. పెదనాన్న వచ్చాడు. ఎవరూ సాయం చెయ్యలేదు, సలహా ఇవ్వలేదు. నలుగురూ ఆ మొండి రాయినే చూస్తున్నారు. పిట్టకి ఏడుపొస్తుందో నవ్వొస్తుందో తెలియడం లేదు. ఆఖరికి ఒక గోరు లేచింది, రెండోది లేచింది. ఇన్నాళ్ళ బిగింపు ఒక్కసారి సడలి, రాయి టక్కున ఎగిరి గదిలో ఎటో పోయింది.

తోలు ఒడిలో లేదు. బల్ల మీద లేదు. ముగ్గురూ నేల మీదకి దిగారు. పెదనాన్న మోకాళ్ళు రెండూ రెండు రకాలుగా మూలిగాయి. అక్క నేలకి చెంప ఆనించి ఏటవాలుగా చూస్తూ, రాత్రికి రొట్టెలు చేసుకుంటే అదే దొరుకుతుంది కదా, ఈ తిప్పలెందుకు అంది. పిట్ట పాకుతూ నడి బల్ల కిందకి దూరింది. గోడ మూల, దుమ్ములో, ఎర్రగా మిణుకుమంది. చూపుడు వేలికి ఉమ్మి తడి చేసుకుని దాన్ని అంటించుకుంది. పగుల్లేదు, అంచు కూడా చెక్కుచెదరలేదు.

వెనక్కి పాకబోతుంటే ఎదురుగా కిటికీ బల్ల కాళ్ళు కనిపించాయి. వాటి మధ్య పెద్దమ్మ స్టూలు కాళ్ళు. ఆ స్టూలు కాళ్ళు కిర్రుమంటూ ఒక పక్కకి జరిగాయి. తర్వాత పెద్దమ్మ పాదాలు గది దాటి వెళ్ళి, ఇంకో స్టూలు కాళ్ళని ఈడ్చుకుంటూ తిరిగొచ్చాయి. ఒంటి చేత్తో ఈడుస్తున్నట్టుంది, అది తిన్నగా రావడం లేదు. పైన బల్ల మీద పనిముట్లు అటు జరుపుతున్న చప్పుడు, కాగితపు మడతలు సర్దుతున్న చప్పుడు వినిపించాయి. కొత్త స్టూలు పెద్దమ్మ స్టూలు పక్కనే, కిటికీ వైపుకి, కుదురుగా ఆగింది.

పిట్ట వేలి మీద రాయితో బయటకొచ్చి నిలబడింది. పెద్దమ్మ ఆమె వైపు చూడకుండా, సాయంత్రం కొలత తీసుకుని ఆ ఉంగరం మళ్ళీ చేసి తీరాలని, అది కుదిరేదాకా పచ్చల జోలికి రావద్దని, ముందు చిన్న కెంపులతో మొదలుపెట్టాలని చెప్పింది. చెప్పి, ఎత్తు సరిపోతుందో లేదో కూర్చుని చూడమంది.

పిట్ట కూర్చుంది. కిటికీ వెలుతురు తిన్నగా ఆమె చేతుల మీద పడింది. స్టూలు మాత్రం పొట్టిది. గడ్డం బల్ల అంచుకి ఆనుతోంది.

"పొట్టిగా ఉంది పెద్దమ్మా."

"దిండు తెచ్చుకో," అంది పెద్దమ్మ, వాచిన వేలిని పక్కకి పెట్టి మిగతా వేళ్ళతో భూతద్దం తుడుస్తూ.